సైకిల్ మీద ఆఫ్రికా పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి: కజిమ్యెష్ నొవాక్ గురించి మాట్లాడుకుందామా?

గేరులేని_సైకిల్:
యాత్రల విభాగంలో వీరాస్వామయ్య గారి కాశీయాత్ర నుంచి హిమాలయ ట్రెక్కుల దాకా అన్నీ ఉన్నాయి. ఈ పోలండ్ మనిషి గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందుకే మొదలుపెడుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కజిమ్యెష్ నొవాక్ 1897 జనవరి 11న స్ట్రియ్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పోజ్నాన్ నగరానికి వచ్చి ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తాగా చేరాడు. పెళ్లయింది, ఒక కూతురు, ఒక కొడుకు. 1925 ప్రాంతంలో ఆర్థిక పరిస్థితి పాడైనప్పుడు కెమెరా, సైకిల్ పట్టుకుని విలేఖరిగా బయల్దేరాడు. యూరప్‌లో చాలా దేశాలు తిరిగాడు, ఒకసారి లిబియా దాకా కూడా వెళ్లొచ్చాడు.

అసలు ప్రయాణం 1931 నవంబర్ 4న మొదలైంది. పోజ్నాన్‌లో రైలెక్కి ఇటలీ, అక్కణ్ణుంచి ఓడలో ట్రిపోలి. వెంట తెచ్చుకున్నది అప్పటికే ఏడేళ్లు వాడేసిన సైకిల్. లిబియా ఒయాసిస్సుల మీదుగా ఈజిప్టు, నైలు వెంబడి సూడాన్, బెల్జియన్ కాంగో, రొడీషియా (ఇప్పటి జాంబియా, జింబాబ్వే), చివరికి దక్షిణాఫ్రికా. 1934లో ఖండం దక్షిణ కొస అయిన అగుల్హాస్ అగ్రం చేరాడు. ఎవరైనా అక్కడ ఓడెక్కి ఇంటికి పోతారు. ఈయన సైకిల్ వెనక్కి తిప్పాడు.

నైరుతి ఆఫ్రికాలో, అంటే ఇప్పటి నమీబియాలో, ఆ సైకిల్ ఇక నావల్ల కాదంది. అక్కడ స్థిరపడిన పోలిష్ వాళ్లు ఒక గుర్రం ఇచ్చారు. దాని పేరు రిష్. గుర్రం మీద అంగోలా, తర్వాత కొంత దూరం కాలినడక, తర్వాత కసాయ్ నదిలో పడవ. మొదటి పడవకి తన ఊరి పేరే పెట్టుకున్నాడు, 'పోజ్నాన్ 1' అని. అది నది ఉరవడిలో రాళ్లపాలైంది. రెండో పడవ పేరు 'మరిష్', భార్య పేరును ముద్దుగా పిలిచినట్టు. దాంతో లియోపోల్డ్‌విల్, అంటే ఇప్పటి కిన్షాసా చేరాడు. మళ్లీ సైకిల్ మీద చాద్ సరస్సు వైపు. సహారా మాత్రం ఒంటె మీద దాటాడు. 1936 నవంబర్‌లో అల్జీర్స్‌లో సముద్రం కనబడింది. మొత్తం 40 వేల కిలోమీటర్ల చిల్లర.

ఇంటికొచ్చాక ఏడాది కూడా బతకలేదు. మలేరియా ఒంటిని తినేసింది, కాలికి ఆపరేషన్ అయ్యాక న్యుమోనియా వచ్చి 1937 అక్టోబర్ 13న పోయాడు. 40 ఏళ్లు.

విశాఖ_వాన:
అమ్మో. ఒక్కడేనా అన్నా? టీమ్, స్పాన్సర్లు ఏమీ లేరా?

గేరులేని_సైకిల్:
ఒక్కడే. స్పాన్సర్ కూడా లేడు. దారిలో వ్యాసాలు రాసి, ఫోటోలు తీసి పత్రికలకు పంపేవాడు. అవి అచ్చయితే వచ్చే డబ్బుతోనే ఇక్కడ ఆయన తిండి, అక్కడ ఇంట్లో తిండి. ఫోటోలు పదివేల దాకా తీశాడంటారు.

చైను_సెట్టు:
నాకు సైకిల్ రిపేరు షాపు ఉంది, అందుకని నా బుర్ర అటే పోతుంది. ఏడేళ్లు వాడిన బండి, గేర్లు లేవు, ఉక్కు ఫ్రేము, మీద గుడారం, కెమెరా, నీళ్లు, బట్టలు. అంత బరువుతో ఇసుకలో తొక్కడం కుదరదు. ముందు చక్రం ఇసుకలో దిగబడి అడ్డం తిరుగుతుంది, మనిషి హ్యాండిల్ మీదికి పడతాడు. గాలి తగ్గిస్తే టైరు కాస్త పరుచుకుని తేలుతుంది, కానీ మళ్లీ గట్టి నేల రాగానే గాలి నింపకపోతే రిమ్ము గుద్దుకుని ట్యూబ్ రెండు చోట్ల చిరుగుతుంది. పాము కాటులాగా రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి. చైనుకి నూనె రాస్తే ఇసుక పట్టుకుని పళ్లు అరిగిపోతాయి, రాయకపోతే కీచుమంటూ బిగుసుకుపోతుంది. కాబట్టి 40 వేలలో సైకిల్ మీద చేసిందాంట్లో కూడా సగం దూరం తోసుకుంటూ నడిచే ఉంటాడని నా అంచనా.

ముళ్ల సంగతి సరే సరి. మన పల్లేరుకాయలు ఆఫ్రికాలోనూ ఉంటాయి, తుమ్మ జాతి చెట్లు మనకన్నా అక్కడే ఎక్కువ. మా షాపుకి ఎండాకాలం పొలాల వైపు నుంచి వచ్చే సైకిళ్లలో సగం పల్లేరుకాయ పంక్చర్లే. ట్యూబు తీసి నీళ్ల బేసిన్లో ముంచితే ఒక్క చోట కాదు, నాలుగైదు చోట్ల బుడగలొస్తాయి. మాకైతే బేసిన్ ఉంది, పక్కనే కొళాయి ఉంది. తాగడానికే లెక్కపెట్టుకునే నీళ్లున్న చోట ఆ చిల్లు ఎక్కడుందో ఎలా కనిపెట్టాడో! పెదవి దగ్గర పెట్టుకుని గాలి తగిలేదాకా తిప్పాలి. అదొక్కటే మార్గం.

ఇంకో లెక్క. 5 ఏళ్లకి 40 వేలంటే రోజుకి 22 కిలోమీటర్లు. మా పాలబ్బాయి అంతకంటే ఎక్కువ తొక్కుతాడు. తక్కువ చేసి అనట్లేదు. దీన్నిబట్టి ఈయన రికార్డు కోసం పోలేదని అర్థమవుతోంది. ఆగాడు, కూర్చున్నాడు, రాసుకున్నాడు, జ్వరమొస్తే పడుకున్నాడు.

విశాఖ_వాన:
సెట్టు అన్నా, నీ పోస్టు చదివాక రేపు ఆఫీసుకి సైకిల్ మీద పోదామనుకున్న ప్లాను క్యాన్సిల్ 😄

ఉప్పాడ_నేత:
అందరూ ఆహా ఓహో అంటున్నారు, నేనొక్కదాన్నే అడ్డం మాట్లాడతా. ఇద్దరు చిన్నపిల్లల్నీ భార్యనీ ఇంట్లో వదిలేసి 5 ఏళ్లు తిరిగొచ్చిన మనిషి. అదీ 1934లో ఓడెక్కి వచ్చేసే వీలుండి కూడా రాలేదు. వచ్చాక ఏడాదికే పోయాడు. ఆ పిల్లలకి నాన్న అంటే ఏమిటి? పోస్ట్‌మ్యాన్ తెచ్చే కవరా? ఇదే పని ఒక ఆడమనిషి చేస్తే 'సాహసి' అని థ్రెడ్ పెట్టేవారా, 'పిల్లల్ని వదిలేసిన తల్లి' అని పెట్టేవారా?

గేరులేని_సైకిల్:
మేడం, ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆయన సరదాకి పోలేదు. 1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం పోలండ్‌ని బాగా దెబ్బతీసింది. ఉద్యోగాల్లేవు. రాతలూ ఫోటోలూ అమ్మడమే ఆయనకి తెలిసిన బతుకుతెరువు.

ఉప్పాడ_నేత:
రాతలు అమ్ముకోడానికి కాంగో దాకా పోవాలా అండీ? పోజ్నాన్ పక్క ఊళ్ల గురించి రాస్తే ఎవరూ కొనరా?

గేరులేని_సైకిల్:
కొనరు కదా మేడం. పక్క ఊరి గురించి రాసేవాళ్లు వందమంది ఉంటారు.

కోరుట్ల_గల్లీ:
ఉప్పాడ అక్కా, నేను ఇంకో వైపు నుంచి చెప్తా. మా గల్లీల ఇంటికొకరు దుబాయ్, మస్కట్, దోహాలో ఉంటరు. మా నాయన నా చిన్నప్పుడు పోయి రెండేళ్లకోసారి నెల రోజులకి వచ్చేటోడు. ఆయన్ని ఎవ్వరూ సాహసి అనలే, పిల్లల్ని వదిలేసిండని కూడా అనలే. 'బయటికి పోయిండు' అన్నరు, అంతే. నెలకోసారి పైసలొస్తే ఇల్లు నడిచింది.

నాకు ఈ నొవాక్ కథ చదువుతుంటే యాత్రలెక్క కాదు, వలసలెక్కనే కనపడ్డది. తేడా ఏందంటే ఈయన కూలికి పోలే, కథలకి పోయిండు. ఆ కథలే కూలి. గుడారంల జ్వరంతో పడుకుని కూడా రాయాలె, ఎందుకంటే ఆ వారం రాయకపోతే ఆ నెల ఇంటికి పైసల్లేవు. దీన్ని సాహసం అనుకుని చదివితే సగమే అర్థమైతది.

పాత_పుస్తకాల_వాసన:
కోరుట్ల తమ్ముడి మాటకి ఒక నమస్కారం. నేను ఇన్నాళ్లూ ఈ కోణంలో ఆలోచించలేదు.

ఉప్పాడ_నేత:
తమ్ముడూ, నీ మాట మనసుకి తగిలింది, కాదనను. కానీ ఒక తేడా చూడు. మీ నాన్నకి దక్షిణ కొసకి చేరి వెనక్కి తిరిగే ఎంపిక లేదు. పాస్‌పోర్టు కంపెనీవాడి దగ్గర ఉంటుంది, అప్పు తీరాలి, వీసా అయిపోతే పంపేస్తారు. నొవాక్‌కి ఎవడూ కాపలా లేడు. అగుల్హాస్‌లో నిలబడి ఇంకో రెండున్నరేళ్లు తిరగాలని తనే నిర్ణయించుకున్నాడు. అది ఇంటికోసం తీసుకున్న నిర్ణయమా, తనకోసం తీసుకున్నదా?

కోరుట్ల_గల్లీ:
రెండూ అనుకుంట అక్కా. మా నాయన కూడా నాలుగేళ్లల్ల అప్పు తీర్చి ఇంకా పదేండ్లు ఉన్నడు. ఎందుకున్నవ్ అని అడిగితే ఇప్పటికీ సరిగా చెప్పడు.

పాత_పుస్తకాల_వాసన:
నేను చరిత్ర పక్క నుంచి కొన్ని కలుపుతాను. నొవాక్ లిబియాలో దిగిన సమయం చూడండి. అప్పట్లో అది ఇటలీ వలస. ఇటలీ సేనలు కుఫ్రా ఒయాసిస్‌ని పట్టుకున్నది 1931 జనవరిలో. ప్రతిఘటనకి నాయకుడైన ఒమర్ ముఖ్తార్‌ని ఉరి తీసింది 1931 సెప్టెంబర్ 16న. అప్పటికి ఆయన డెబ్భై దాటిన ముసలాయన. ఖురాన్ నేర్పే పంతులు, ఇరవై ఏళ్లు ఇటలీవాళ్లకి నిద్ర పట్టనీయలేదు. ఆ ఉరి జరిగి పట్టుమని మూడు నెలలు కాకుండానే ఈయన సైకిల్ వేసుకుని అదే దేశంలో అడుగుపెట్టాడు. కుఫ్రా వైపు పోనివ్వమంటే ఇటలీ అధికారులు ఒప్పుకోలేదు. కెమెరా ఉన్న విలేఖరిని అక్కడికి ఎందుకు పోనిస్తారు చెప్పండి! దాంతో దారి మార్చుకుని తీరం వైపు రావాల్సి వచ్చింది.

ఆయన రాతల్లో వలస పాలకుల మీద కోపం కనబడుతుంది, అక్కడి జనం మీద గౌరవం కనబడుతుంది. ఆ కాలపు యూరప్ యాత్రికుల్లో ఇది అరుదు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 1795 నుంచి 1918 దాకా పోలండ్ అనే దేశమే పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. నొవాక్ పుట్టింది ఒక పరాయి సామ్రాజ్యంలో, స్థిరపడిన పోజ్నాన్ అంతకుముందు ఇంకో పరాయి సామ్రాజ్యంలో ఉన్న ఊరు. బడిలో ఏ భాష మాట్లాడాలో పైవాడు నిర్ణయించే బతుకు ఎలా ఉంటుందో ఆ తరానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

అలాగని పోలిష్ వాళ్లంతా అలా లేరు, అదీ చెప్పుకోవాలి. 1930లో 'సముద్ర, వలస సమితి' అని అక్కడ పెట్టారు. మాకూ కాలనీలు కావాలి, అంగోలా బాగుంటుంది, లైబీరియా బాగుంటుంది అని ఊరేగింపులు చేశారు. నిన్నటిదాకా కాలికింద ఉన్నవాడు లేవగానే ఇంకొకడి మీద కాలు పెట్టాలనుకోవడం! అంగోలాలో నొవాక్‌కి ఆతిథ్యమిచ్చినవాళ్లూ అలా స్థిరపడదామని వచ్చిన పోలిష్ వాళ్లే.

తిరుగుబోతు_కాదు_యాత్రికుడు:
మాష్టారూ, వలస పాలనంటే కోపం ఉంది, సరే. కానీ ఆయన తెల్లవాడు కాబట్టే అన్ని సరిహద్దులు దాటగలిగాడు. మిషన్ బంగళాలో పడక, సెటిలర్ల ఫారంలో భోజనం, వలస ప్రభుత్వం నడిపే పోస్టాఫీసులో ఉత్తరం. ఆ వ్యవస్థని తిడుతూనే దాని మీద ఆధారపడ్డాడు.

అదే 1931లో మన వైపు నుంచి బయల్దేరినవాణ్ణి చూడండి. సిల్హెట్ ప్రాంతపు బెంగాలీ రామ్‌నాథ్ బిశ్వాస్, జూలైలో సింగపూర్ నుంచి సైకిల్ మీద ప్రపంచయాత్ర మొదలుపెట్టాడు. కెనడాలో గూఢచారి అని అనుమానించి నిర్బంధించారు. తర్వాత ఆయన ఆఫ్రికా కూడా తిరిగాడు, నొవాక్ వెళ్లిన దేశాల్లోనే కొన్ని. ఒకే ఖండం, ఇద్దరూ సైకిలే, కానీ హోటల్ తలుపు తెరుచుకునే తీరు వేరు. బొంబాయి పార్సీ కుర్రాళ్లు 1923లో ఆరుగురు బయల్దేరి ముగ్గురు పూర్తి చేశారు, 1928లో తిరిగొచ్చారు, 71 వేల కిలోమీటర్లు. నొవాక్ కన్నా ముందు, నొవాక్ కన్నా ఎక్కువ. మనలో ఎంతమందికి ఆ ముగ్గురి పేర్లు తెలుసు?

చైను_సెట్టు:
ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా. సైకిల్ షాపువాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

తిరుగుబోతు_కాదు_యాత్రికుడు:
సెలాం సెట్టన్నా 🙏

గేరులేని_సైకిల్:
మీరన్న ఆధారపడటం నిజమే, ఒప్పుకోవాల్సిందే. ఒక్కటి మాత్రం. ఆ రోజుల్లో ఆఫ్రికాలో తెల్లవాడి ప్రయాణం అంటే మోత కూలీల బారు. డేరా మోసేవాడొకడు, మంచం మోసేవాడొకడు, స్నానం తొట్టి మోసేవాడొకడు. నొవాక్ తన సామాను తనే తోసుకున్నాడు, ఊళ్లలో దొరికింది తిన్నాడు. చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చే తెల్లవాణ్ణి అక్కడి జనం అంతకుముందు చూసి ఉండరు. బహుశా అందుకే వాళ్లు ఆయనతో మాట్లాడారు.

గోదారి_గట్టు:
మీ చర్చలో వీరాస్వామయ్య గారి పేరు మొదటి వాక్యంలోనే వచ్చి వెళ్లిపోయింది. నన్ను ఆపలేరు, చెప్తా. ఆయన 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్, కలిగిన మనిషి. పల్లకీ, బోయీలు, బంధువులు, నౌకర్లు, దాదాపు వందమంది పరివారం. నొవాక్‌కి పూర్తిగా రివర్సు.

కానీ రాసే పద్ధతి దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒకటే. వీరాస్వామయ్య గారు దారిలో చూసింది చూసినట్టు రాసి, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి పంపేవారు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ బాటలో రాళ్లు, ఏ అంగట్లో ఏం దొరుకుతుంది, అన్నీ. ఆ రాతలు 1838లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. ఇక్కడ కూడా అంతే కదా? నొవాక్ పుస్తకం ఆయన బతికుండగా రాలేదు కదా?

గేరులేని_సైకిల్:
రాలేదండీ. 1962లో కూతురు ఎల్జ్బియెతా ఆయన ఫోటోలతో ఒక ఆల్బం తెచ్చింది. ఆ తర్వాత మళ్లీ మరుపే. చివరికి వుకాష్ వియెజ్బిత్స్కి అనే ఆయన, చిన్నప్పుడు తాత నోట ఈ సైకిల్ యాత్రికుడి కథ విని, పెద్దయ్యాక లైబ్రరీల్లో పాత పత్రికలు తిరగేసి వ్యాసాలన్నీ ఏరి 2000లో పుస్తకం చేశాడు. అంటే చనిపోయిన 63 ఏళ్లకి. ఇప్పుడు ఇంగ్లిష్‌లో కూడా దొరుకుతుంది.

గోదారి_గట్టు:
ఆ ఏరిన మనిషికి ఒక దండ వెయ్యాలి. పాత వారపత్రికల కట్టలు తిరగెయ్యడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంచులు ముట్టుకుంటే రాలిపోతాయి, ఏ సంచికలో ఏ భాగముందో సూచిక ఉండదు, మూడో భాగం దొరికి నాలుగోది దొరకదు. మధ్యలో ఎవరో బొమ్మ కోసం పేజీ కత్తిరించుకుపోయి ఉంటారు.



రాత్రి_డెస్కు:
పత్రికలో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. పోలిష్ యాత్రా రచన అనగానే జర్నలిస్టులందరికీ ముందు గుర్తొచ్చే పేరు రిషార్ద్ కపుషించ్‌స్కి. ఆయన 1932 మార్చిలో పుట్టేనాటికి నొవాక్ ఆఫ్రికాలో ఉన్నాడు. 1956లో మొదటిసారి విదేశం వెళ్లింది మన ఇండియాకే, ఇంగ్లిష్ సరిగా రాకుండానే. తర్వాత ఆఫ్రికాలో ఏళ్లకేళ్లు ఉండి వార్తలు పంపాడు, ఇథియోపియా చక్రవర్తి పతనం మీద రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివింది. 2006 నవంబర్‌లో పోజ్నాన్ రైల్వేస్టేషన్‌లో నొవాక్ స్మారక ఫలకాన్ని ఆవిష్కరించింది ఈయనే. రెండు నెలలకి, 2007 జనవరిలో కన్నుమూశాడు.

రాయడంలో కపుషించ్‌స్కి ఎక్కడికో వెళ్లిపోయాడు, అందులో పోటీ లేదు. కానీ ఆయన చనిపోయాక 2010లో వచ్చిన జీవితచరిత్ర, కొన్ని సంఘటనల్లో కల్పన కలిసిందని చెప్పి పెద్ద గొడవ రేపింది. నాకైతే వార్త వేరు, కథ వేరు. ఒక వాక్యం అందంగా వచ్చిందని వాస్తవాన్ని జరపకూడదు. ఈ విషయంలో డెస్కులో నాతో రోజూ గొడవపడేవాళ్లున్నారు, ఇక్కడా పడండి.

పాత_పుస్తకాల_వాసన:
గొడవ పడను కానీ, ఫోటో ఉన్న చోట కల్పనకి చోటు తగ్గుతుంది. నొవాక్‌కి ఆ రక్షణ ఉంది.

రాత్రి_డెస్కు:
ఫోటోలో ఏది పెట్టాలి, ఏది వదలాలి అన్నది కూడా ఎంపికే కదా మాష్టారూ. అయినా పదివేలు తీసిన మనిషి దాచుకున్నది తక్కువే ఉంటుంది, అది ఒప్పుకుంటా.

పోజ్నాన్_హాస్టల్_గది:
ఆలస్యంగా చూశా ఈ థ్రెడ్. నేను ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నా, మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. స్టేషన్‌కి ఎన్నిసార్లో వెళ్లాను, ఒక్కసారీ ఆ ఫలకం పేరు చదవలేదు. ఇది చదివాక మా పోలిష్ క్లాస్‌మేట్‌ని అడిగితే, వాడికి నొవాక్ బాగా తెలుసు. 2009 నుంచి 2011 దాకా ఇక్కడి యాత్రికులు జట్లు జట్లుగా, రిలే పద్ధతిలో, ఆయన వెళ్లిన దారంతా మళ్లీ చుట్టొచ్చారట. ఒక జట్టు తన వంతు అవ్వగానే తర్వాతి జట్టుకి అప్పజెప్పడం. ఒక్క మనిషి చేసినదాన్ని అంతమంది పంచుకుని చేశారు.

వాడే ఇంకో పేరు చెప్పాడు, ఉప్పాడ మేడం అడిగిన ప్రశ్నకి పనికొస్తుందేమో. కింగా హోష్చ్ అని గ్దాన్‌స్క్ అమ్మాయి. 1998 నుంచి 2003 దాకా తోడుగా ఇంకొకరితో, దారిన పోయే బండ్లని లిఫ్ట్ అడుగుతూ ప్రపంచం చుట్టింది. తర్వాత ఒంటరిగా ఆఫ్రికా వెళ్లి, 2006 జూన్‌లో ఘనాలో మలేరియాతో పోయింది. 33 ఏళ్లే.

విశాఖ_వాన:
వాళ్లిద్దర్నీ చంపింది దోమే అన్నమాట. సింహాలు, ఎడారి, నది అన్నీ వదిలేశాయి.

చైను_సెట్టు:
నొవాక్ కాలంలో క్వినైన్ తప్ప పెద్దగా ఏమీ లేదు. మా ఏజెన్సీ ఏరియా చుట్టాలు చెప్తారు, మలేరియా తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుందని. చలి మొదలైతే మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడతాయి, గంటకి ఒళ్లు పెనంలా కాలుతుంది, తర్వాత చెమటతో పక్క తడిసిపోతుంది, మర్నాడు ఏమీ కానట్టు లేచి తిరుగుతారు. ఆ 'ఏమీ కానట్టు' రోజుల్లోనే ఈయన బండి తొక్కి ఉంటాడు.

మోడరేటర్:
కింగా గురించి విడిగా థ్రెడ్ పెట్టండి, బాగుంటుంది. అట్లాంటిక్‌ని కయాక్‌లో మూడుసార్లు దాటి, 74 ఏళ్ల వయసులో 2021లో కిలిమంజారో మీద కన్నుమూసిన అలెక్సాందర్ దోబా గురించి కూడా ఇద్దరు మెసేజ్ పెట్టారు. ఆయన కూడా పోలిష్ వాడే కాబట్టి అన్నీ ఇందులోనే కుక్కొద్దు. ఇది నొవాక్ థ్రెడ్.

ఉప్పాడ_నేత:
పోజ్నాన్ బాబూ, కింగా సంగతి తెలియదు, థాంక్స్. కానీ చూశావా, ఆమెకి పిల్లల్లేరు. నేనడిగింది పిల్లలున్న తల్లి గురించి.

నాకు ఇంకా ఒక్క చోట ముడి పడుతూనే ఉంది. ఆయన ఏ నది దాటాడో, ఏ జంతువెక్కాడో అందరం చెప్పాం. ఆ 5 ఏళ్లు పోజ్నాన్‌లో ఆవిడ మరియ ఎలా నెట్టుకొచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. ఉత్తరం ఆలస్యమైతే? మనిషి ఉన్నాడో లేడో తెలియని నెలలు ఉండే ఉంటాయి కదా, సహారాలో ఉన్నప్పుడైనా? పత్రికవాళ్లు డబ్బు ఎగ్గొడితే వెళ్లి అడిగిందెవరు?

కోరుట్ల_గల్లీ:
మా అమ్మ అడిగేది అక్కా. బ్యాంకుకి పోయి, పోస్టాఫీసుకి పోయి, ఏజెంటు ఇంటికి పోయి. ఇది మాత్రం నువ్వే కరెక్టు.

గేరులేని_సైకిల్:
ఉత్తరాలు ఆవిడ పేరనే రాశాడు, అవి ఇంట్లో భద్రంగా ఉన్నాయి కాబట్టే ఇవాళ మనకి ఇంత తెలిసింది. పడవకి ఆవిడ పేరు పెట్టాడంటే మర్చిపోయి తిరిగాడని మాత్రం అనలేం మేడం.

ఉప్పాడ_నేత:
పడవకి పేరు పెట్టడం తేలికే బాబూ. కూతురు తెచ్చిన ఆ ఆల్బం అన్నారు కదా, అందులో కూతురు తనేమైనా రాసిందా? రాసి ఉంటే నేను ముందు అది చదువుతా. ఆయన పుస్తకం తర్వాత.

పోజ్నాన్_హాస్టల్_గది:
1962 నాటిది అంటే పోలిష్‌లోనే ఉంటుంది మేడం. సోమవారం యూనివర్సిటీ లైబ్రరీలో అడిగి చూస్తా. దొరికితే క్లాస్‌మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందుమాటలో ఏముందో ఇక్కడ పెడతా.